‘ఎవరికీ చెప్పనని ఒట్టేశాను, ఇప్పుడేం చెయ్యాలి?’

అమెరికాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో బీఎస్ మూడో ఏడాది చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్ద ఉత్తరం. ఎవరినీ గుర్తుపట్టే వీల్లేకుండా వివరాలు తీసేసి, ఆమె అనుమతితో సారాంశం ఇస్తున్నాను.

ఆమెది గోదావరి జిల్లాల్లో ఓ మామూలు కుటుంబం. మొదటి రెండేళ్లూ హాస్టల్ ఖర్చుకే ఇంటి మీద అప్పు పెరిగింది. అందుకని ఈ ఏడాది రెసిడెంట్ అసిస్టెంట్‌గా చేరింది. అక్కడ అందరూ ఆర్‌ఏ అంటారు. హాస్టల్లో ఒక అంతస్తు పిల్లల బాగోగులు చూసే పని, చేసేది కూడా విద్యార్థే. గది ఉచితం, భోజనం ఉచితం, చేతి ఖర్చుకి కొంత డబ్బు. ఏడాదికి 13 వేల డాలర్ల దాకా, అంటే 11 లక్షల రూపాయల పైచిలుకు, ఇంటికి భారం తగ్గింది.

ఆగస్టులో అందరికంటే ముందే పిలిచి శిక్షణ ఇచ్చారు. తలుపుల మీద పేర్ల కార్డులు అంటించడం, బులెటిన్ బోర్డు మార్చడం, రూమ్మేట్లు గొడవ పడకుండా ముందే ఒప్పందం రాయించడం, వంతు వచ్చిన రాత్రి డ్యూటీ ఫోన్ పట్టుకుని అంతస్తులన్నీ తిరిగి రావడం, తాళం లోపల మర్చిపోయినవాళ్లకి ఏ రెండింటికో తలుపు తీయడం. ఇవన్నీ అలవాటయ్యాయని, కొన్ని ఇష్టం కూడా అయ్యాయని రాసింది.

కష్టం అక్టోబరులో మొదలైంది. తెలంగాణ నుంచి ఈ ఏడాదే వచ్చిన 18 ఏళ్ల అమ్మాయి అదే అంతస్తులో ఉంటుంది. వచ్చిన వారం నుంచీ ‘అక్కా’ అంటూ ఈమె వెంటే ఉండేది. ఓ రాత్రి గదికొచ్చి ‘ఎవ్వరికి చెప్పనని ఒట్టు వెయ్యక్కా’ అంది. ఈమె వేసింది. ఎంఎస్ చదివే ఒక తెలుగు సీనియర్ ఉన్నాడు. కొత్తవాళ్లని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చేదీ, ఉండటానికి చోటు దొరికేదాకా తిప్పేదీ, శనివారాలు ఇండియన్ స్టోరుకి తీసుకెళ్లేదీ అతనే. కారులో ఒంటరిగా ఉన్నప్పుడు, వద్దని నెట్టేస్తున్నా ఒంటి మీద చేతులు వేశాడు. తర్వాతి వారం మళ్లీ. ఇప్పుడు రోజూ మెసేజ్‌లు. ‘ఎవరికైనా చెప్తే నీ పేరే పోతుంది’ అన్నాడట. వీసా పోతుందేమో, ఇంట్లో తెలిస్తే వెనక్కి పిలిపిస్తారేమో అని ఆ పిల్ల భయం.

ఈమె విని ఐదు రోజులైంది. ఇలాంటిది తెలిస్తే వెంటనే పైవాళ్లకి చెప్పాలని శిక్షణలో చెప్పారు, సంతకం కూడా తీసుకున్నారు. చెప్తే ఒట్టు తప్పినట్టు. చెప్పకపోతే ఉద్యోగం, గది రెండూ పోవచ్చు. మధ్యలో ఆ పిల్ల తల్లి రోజు విడిచి రోజు వాట్సాప్‌లో ఫోన్: ‘బిడ్డా, ఆడ దానికి నువ్వే పెద్దదిక్కు. మంచిగ తింటుందా, ఎవలతోని తిరుగుతుందో జర చూస్తుండు.’ ఈమె ‘బాగానే ఉంది ఆంటీ’ అంటూ వస్తోంది. తనకి చూస్తే రెండు మిడ్‌టర్మ్‌లు పాడయ్యాయి, నిద్ర లేదు. మెస్సులో గంటల లెక్కన చేసే పని వేరే ఉంది.

రిపోర్టు చెయ్యాలా? అక్కడ క్యాంపస్ ఊళ్లో అందరూ గౌరవించే ఒక తెలుగు పెద్దాయన ఉన్నారు, ఆయనతో చెప్పించి ఆ సీనియర్‌ని మందలిస్తే సరిపోతుందా? తల్లికి ఏం చెప్పాలి? అసలు ఈ ఉద్యోగం మానేస్తే గొడవ ఉండదా? ఇవీ ప్రశ్నలు. ఉత్తరం చివర, దాదాపు సంతకం పక్కనే, ఇంకో మాట రాసింది: ‘తను క్లాసులకి సరిగా వెళ్లట్లేదు. మొన్న, పండుకుంటే మళ్ల లేవకపోతే మంచిగుండు అక్కా అంది. అలసటేమో అనుకున్నాను.’

*

అమ్మా, మీరు చివర రాసిన ఆ వాక్యంతోనే మొదలుపెడతాను. ఉత్తరం అందిన రోజే దీని గురించి మీకు విడిగా రాశాను. ఇదే స్థితిలో ఇంకెవరైనా ఉంటే వాళ్లకీ చేరాలని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

‘పడుకుని లేవకపోతే బాగుండు’ అన్న మాటను అలసటగా తీసుకోకండి. అలసటే కావచ్చు. కానీ అవునో కాదో తేల్చే పని మీది కాదు, నాదీ కాదు. దాని కోసం చదువుకున్నవాళ్లు మీ క్యాంపస్‌లోనే ఉన్నారు. మీరు చెయ్యాల్సింది రెండే పనులు. ఒకటి, ఆ అమ్మాయిని సూటిగా అడగడం: ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా అన్నది కూడా ఆలోచించావా?’ ఇలా అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదు. అడిగే మనిషి దొరికిందని ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ. రెండోది, ఆమె ఏం జవాబు చెప్పినా, డ్యూటీలో ఉన్న హాల్ డైరెక్టర్‌కో (హాస్టల్ బాధ్యత చూసే ఉద్యోగి) మీ పై ఉద్యోగికో అదే రోజు ఫోన్ చేసి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పడం. అర్ధరాత్రయినా సరే. ఆ ఫోన్ ఉన్నదే అందుకు. ఇలాంటి ఆలోచనలు వచ్చేవాళ్లకి సాయం చేసే 988 నంబరుకి ఫోన్ చేసినా, మెసేజ్ పెట్టినా పలుకుతారు. 2022 జులై నుంచి అమెరికా అంతటా అదే నంబరు. ఆమె పేరు చెప్పకుండా ‘నా స్నేహితురాలు ఇలా అంది, నేనేం చెయ్యాలి’ అని మీరే అడగొచ్చు. ఏదైనా చేసుకోబోతోందని అనిపిస్తే అత్యవసర నంబరు 911, ఇంకే ఆలోచనా వద్దు. ఆమెని ఒంటరిగా వదలకండి.

ఈ ఒక్క విషయంలో మీ ముందు దారులు పెట్టట్లేదు. మిగతా అన్నిటిలోనూ పెడతాను.

ఇక ఒట్టు సంగతి. మీ ఉత్తరంలో మిమ్మల్ని ఎక్కువ కాలుస్తున్నది ఇదేనని నాకు అర్థమైంది. ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఆ పిల్ల కళ్లలో ‘నువ్వు కూడానా అక్కా’ అన్న చూపు చూడాల్సి వస్తుందన్న భయమే పెద్దది. అది మీ మంచితనం. కానీ ఆ రాత్రి ఆమె మీ గది తలుపు ఎందుకు కొట్టిందో ఒకసారి ఆలోచించండి. రూమ్మేటుకి చెప్పుకోవచ్చు, ఇంటర్ స్నేహితురాలికి ఫోన్ చెయ్యొచ్చు. మీ దగ్గరికే వచ్చింది. తనలాగే తెలుగు మాట్లాడతారు కాబట్టి ఒకటి, ఈ హాస్టల్లో మీకు ఏదో అధికారం ఉంది, ఏదైనా చెయ్యగలరు అన్న ఆశ ఇంకొకటి. రెండో కారణం ఆమె నోటితో చెప్పకపోవచ్చు. ఊరికే విని ఊరుకునే మనిషే కావాలనుకుంటే ఆర్‌ఏ దగ్గరికి రావాల్సిన పని లేదు.

మీ ఉద్యోగానికి ఈ బాధ్యత ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్తాను. శిక్షణలో చట్టాల పేర్లు గబగబా చదివేసి సంతకాలు పెట్టించుకుంటారు, వెనకున్న కథ చెప్పరు. 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని ఆమె హాస్టల్ గదిలోనే, అదే కాలేజీలో చదివే ఒకడు అత్యాచారం చేసి చంపేశాడు. వాటంతటవే తాళం పడాల్సిన తలుపులకి ఎవరో అడ్డుపెట్టి తెరిచి ఉంచారు. ఆ తలుపుల్లోంచే వాడు లోపలికి వచ్చాడు. క్యాంపస్‌లో అంతకుముందు జరిగిన నేరాల సంగతి తమకెవరూ చెప్పలేదని ఆమె తల్లిదండ్రులు ఊరుకోకుండా పోరాడారు. 1990లో కేంద్ర చట్టం వచ్చింది. ఇవాళ దాన్ని క్లెరీ చట్టమనే పిలుస్తారు. కాలేజీలు ఏటా అక్టోబరు 1లోగా తమ నేరాల లెక్కలు బయటపెట్టాల్సింది ఆ చట్టం వల్లే. రాత్రి రౌండ్లలో మీరు తలుపు సందులో అడ్డం కనిపిస్తే తీసేస్తారు చూడండి, ఎంత చిన్న పనిలా ఉంటుందో! ఆ పని వెనక ఒక ఆడపిల్ల ప్రాణం ఉంది. మీకు తెలిసింది మీ దగ్గరే ఆగిపోకూడదన్న నియమం వెనక కూడా.

రెండోది టైటిల్ నైన్, 1972 నాటిది. విద్యాసంస్థల్లో ఆడ, మగ అన్న వివక్ష కూడదనే చట్టం. లైంగిక వేధింపు దాని కిందికే వస్తుంది. ప్రతి విశ్వవిద్యాలయంలో ఇందుకోసం ఒక కోఆర్డినేటర్ ఉంటారు. వేధింపు గురించి తెలిస్తే ఆ ఆఫీసుకి చెప్పి తీరాలని చాలా విశ్వవిద్యాలయాలు తమ నిబంధనల్లో ఆర్‌ఏల మీద బాధ్యత పెట్టాయి. మీరు సంతకం పెట్టింది దానికే. కాబట్టి ‘చెప్పను’ అన్న మాట ఇచ్చే స్వేచ్ఛ ఆ రాత్రి మీకు లేదు. అయినా ఇచ్చారు, ఎందుకిచ్చారో తెలుసు. ఏడుస్తున్న పిల్ల చెయ్యి పట్టుకుని అడిగితే ఎవరైనా ఇస్తారు.

చెప్తే ఏమవుతుందో మీకు సరిగ్గా తెలియకపోవడం వల్లే భయం ఇంత పెరిగిందని నా అనుమానం. రిపోర్టు అనగానే మనకి పోలీస్ స్టేషన్, ఎఫ్‌ఐఆర్, పేపర్లో పేరు గుర్తొస్తాయి. ఇది అది కాదు. మీ రిపోర్టు చేరాక ఆ ఆఫీసు నుంచి ఆమెకి ఒక ఈమెయిల్ వస్తుంది, లేదా పిలుస్తారు. ఆమెకి ఏయే సాయం దొరుకుతుందో, ఏయే దారులున్నాయో చెప్తారు. జవాబివ్వడం, ఇవ్వకపోవడం ఆమె ఇష్టం. వెళ్లి కూర్చుని, అంతా విని, ‘నాకు ఫిర్యాదు చెయ్యాలని లేదు’ అనొచ్చు. ఫిర్యాదు చెయ్యకపోయినా సాయం అడగొచ్చు: అతను ఆమెతో మాట్లాడకూడదని, మెసేజ్ పెట్టకూడదని ఆదేశం, గది మార్పు, అసైన్‌మెంట్లకి గడువు పొడిగింపు, క్యాంపస్‌లో రాత్రి తోడు. విచారణ దాకా వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం మామూలుగా ఆమెదే. ఇతరులకి ప్రమాదం ఉందనుకున్న కొన్ని సందర్భాల్లో తామే ముందుకెళ్లే అధికారం కోఆర్డినేటర్‌కి ఉంది. దీన్ని దాచకుండా ఆమెకి చెప్పండి. పోలీసుల దగ్గరికి వెళ్లడం వేరే దారి, అదీ ఆమె ఇష్టమే. సంఘటన క్యాంపస్ బయట కారులో జరిగింది కాబట్టి ఏ నిబంధన కింద చూస్తారన్నది ఆ ఆఫీసు తేల్చుకుంటుంది. దాని గురించి మీరు బుర్ర పాడుచేసుకోవద్దు.

వీసా భయం గురించి ఆమెకి గట్టిగా చెప్పండి. వేధింపుకి గురైనట్టు చెప్పుకున్నంత మాత్రాన ఎఫ్-1 వీసాకి, అంటే విద్యార్థి వీసాకి, ఏమీ కాదు. నిజంగా ప్రమాదం ఉన్నది ఇంకోచోట, దాని గురించి ఎవరూ ఆలోచిస్తున్నట్టు లేదు. ఆమె క్లాసులకి వెళ్లట్లేదన్నారు. ఎఫ్-1 మీద డిగ్రీ చదివేవాళ్లు సెమిస్టర్‌కి తీసుకునే కోర్సులు 12 క్రెడిట్లకి తగ్గకూడదు. బాధలో రెండు కోర్సులు డ్రాప్ చేసేసిందంటే వీసా స్టేటస్ పోయేది అప్పుడు. ఆరోగ్యం బాగాలేక చదువు తగ్గించుకోవాలంటే దారి ఉంది. డాక్టరో క్లినికల్ సైకాలజిస్టో ఇచ్చిన ఉత్తరం తీసుకుని, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో డీఎస్‌ఓ (విద్యార్థి వీసాల సంగతి చూసే అధికారి) అనుమతి తెచ్చుకోవాలి. అనుమతి ముందు, డ్రాప్ తర్వాత. ఈ వరస తారుమారు కాకూడదు. ఆమె నోరు విప్పి కౌన్సెలింగ్‌కి వెళ్తే ఈ దారి తెరుచుకుంటుంది, నోరు మూసుకుంటే మూసుకుపోతుంది. ఆ పిల్ల భయపడుతున్నది దీనికి సరిగ్గా తలకిందులుగా.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఏమీ చెయ్యకుండా ఉండొచ్చు. ఐదు రోజులుగా చేస్తున్నది అదే. దీని ఫలితం మీకు తెలుసు, అయినా ఒక్కటి చేరుస్తాను. ఆ మనిషి వచ్చే జనవరిలో కూడా ఎయిర్‌పోర్టుకి కారు వేసుకుని వెళ్తాడు. దిగేది ఇంకో పద్దెనిమిదేళ్ల పిల్ల. ఈ మాట మీ మీద నేరం మోపడానికి అనట్లేదు. ఒట్టు విలువని తూచేటప్పుడు తక్కెడలో ఆ రెండో పిల్లని కూడా పెట్టమంటున్నాను.

ఆమెకి చెప్పకుండా రిపోర్టు ఫారం నింపి పంపెయ్యొచ్చు. మీ ఉద్యోగం కాపాడుకున్నట్టే. కానీ హఠాత్తుగా ఆఫీసు నుంచి ఈమెయిల్ చూసినప్పుడు ఆమెకి కాళ్ల కింద నేల కదులుతుంది. మీతోనే కాదు, ఇంకెవరితోనూ మాట్లాడకపోవచ్చు. ఆ ‘లేవకపోతే’ అన్న మాట అన్న పిల్ల విషయంలో ఇది చాలా పెద్ద నష్టం. ఆమెని కలవడమే కుదరకపోతే, లేదా ఆమె ప్రాణం గురించి భయపడి వెంటనే చెప్పాల్సివస్తే, అప్పుడు మాత్రం ముందు చెప్పెయ్యండి, తర్వాత ఆమెకి వివరించుకోవచ్చు.

ముందు ఆమెకి చెప్పి, తర్వాత రిపోర్టు చెయ్యొచ్చు. నా మనసు దీనివైపే మొగ్గుతోంది. ఇందులోనూ నొప్పి ఉంది. ఆమె ఏడవొచ్చు, అరవొచ్చు, ‘నీకు చెప్పకుండా ఉండాల్సింది’ అనొచ్చు. అననివ్వండి. మాటలు వెతుక్కుంటున్నారేమో, ఇలా మొదలుపెట్టి చూడండి: ‘ఆ రోజు ఎవరికీ చెప్పనన్నాను. నా ఉద్యోగంలో ఆ మాట ఇవ్వకూడదు, నువ్వు ఏడుస్తుంటే చూడలేక ఇచ్చేశాను. ఇవాళ సాయంత్రంలోగా ఆఫీసుకి చెప్పాలి. నీకు తెలియకుండా చెప్పడం ఇష్టంలేక ముందు నీ దగ్గరికొచ్చాను. చెప్పడం వరకే నా చేతిలో ఉంది, ఆ తర్వాత ఏం చెయ్యాలన్నది నీ చేతిలోనే ఉంటుంది.’ తర్వాత ఆమెకి మిగిలిన స్వేచ్ఛలన్నీ ఒక్కొక్కటిగా ఇవ్వండి. రిపోర్టు నేను ఒక్కదాన్నే రాయనా, నువ్వు పక్కన కూర్చుంటావా? వాళ్లు ఫోన్ చెయ్యాలా, ఈమెయిల్ చాలా? ఆఫీసుకి వెళ్తే నేను తోడు రానా, వేరే స్నేహితురాలిని తీసుకెళ్తావా? అవతలివాడు ఆమె దగ్గర నిర్ణయం అనేదే లేకుండా చేశాడు. చిన్నవైనా సరే, నిర్ణయాలు మళ్లీ ఆమె చేతికి రావడం ముఖ్యం.

ఇంకో దారి: ముందు ఆమెని రహస్యం కాపాడే అధికారం ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడం. కౌన్సెలింగ్ సెంటర్‌లోని కౌన్సెలర్లు, చాలా క్యాంపస్‌లలో బాధితుల పక్షాన తోడుండే అడ్వొకేట్లు (ఇక్కడ లాయర్లని కాదు అర్థం) ఈ కోవలోకి వస్తారు. మీలా పైకి చెప్పి తీరాల్సిన బాధ్యత వాళ్లకి ఉండదు. ఇది తప్పకుండా చెయ్యాల్సిన పనే. అయితే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను కాబట్టి నా బాధ్యత తీరింది అనుకోవద్దు. మీ చెవిన పడ్డది పడ్డట్టే. ‘వెంటనే’ అంటే ఎంతసేపన్నది మీ ఒప్పందంలో చూడండి. కొన్నిచోట్ల 24 గంటలని రాసి ఉంటుంది. ఐదు రోజులు ఆలస్యమైందని మీ పై ఉద్యోగికి దాచకుండా చెప్పెయ్యండి. మందలింపు రావచ్చు. చెప్పకుండా తర్వాత బయటపడితే వచ్చేదానితో పోలిస్తే అది చాలా తక్కువ. నమ్మకమైన స్నేహితురాలు కదా అని తోటి ఆర్‌ఏతో ఈ సంగతి మాట్లాడితే మాత్రం, ఆమెకీ అదే బాధ్యత చుట్టుకుంటుంది, పేరు ఇంకో నోటికి వెళ్తుంది.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆమె ఏ మాటలు అందో అవే రాయండి. ఎప్పుడు విన్నారు, ఎక్కడ విన్నారు, ఏమంది, మీరేం చేశారు, అంతే. ‘నాకు అనిపించేదేమంటే’ అన్నవి వద్దు. వివరాల కోసం ఆమెని మళ్లీ మళ్లీ గుచ్చి అడగొద్దు. చెప్పిన ప్రతిసారీ ఆ కారులోకి తిరిగి వెళ్లినట్టుంటుంది, ఆ ప్రశ్నలు అడిగేవాళ్లు వేరే ఉన్నారు. అతని మెసేజ్‌లు చెరిపెయ్యొద్దని, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోమని మాత్రం చెప్పండి. మీరు అతనికి ఫోన్ చెయ్యొద్దు, ఎదురుపడి నిలదియ్యొద్దు.

దీంతో పెద్దాయన సంగతికి వచ్చాం. ఆయన ఎంత మంచివారైనా ఈ పని ఆయనకి అప్పజెప్పొద్దని ప్రాధేయపడుతున్నాను. మన ఊళ్లలో పెద్దమనుషుల పంచాయతీల్లో ఆడపిల్లల విషయాలు ఎలా ‘సర్దుబాటు’ అవుతాయో మీరూ చూసి ఉంటారు. ‘చదువుకునే కుర్రాడు, భవిష్యత్తు పాడవుతుంది, ఈ ఒక్కసారికి క్షమించమ్మా’ అంటారు. క్షమాపణ చెప్పిస్తారు. మరుసటి వారానికి దీపావళి ఫంక్షన్లో ఇద్దరినీ ఒకే హాల్లో కూర్చోబెడతారు. ఈలోగా నలుగురు తెలుగువాళ్ల ఇళ్లలో ఆ పిల్ల పేరు నలిగిపోతుంది. ఫిర్యాదు పెట్టకముందే అతనికి హెచ్చరిక అందుతుంది, ఫోన్లో ఉన్నవన్నీ తుడిచేసుకుంటాడు, ఆమె మీద కక్ష కట్టొచ్చు. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధింపుకి దిగితే విశ్వవిద్యాలయం చర్య తీసుకుంటుంది. పెద్దాయన చేతిలో అలాంటి బలం ఏదీ లేదు.

ఆయనతో చేయించదగ్గ పని ఒకటుంది, ఈ గొడవంతా సద్దుమణిగాక, ఎవరి పేరూ ఎత్తకుండా. కొత్త పిల్లలకి కారు ఒక్కడి చేతిలోనే ఉండటం ఈ కష్టానికి సగం మూలం. కారు లేని ఊళ్లో బియ్యం, పప్పు కావాలన్నా ఒకరి దయ మీద ఆధారపడాలి, ఆ దయ ఉన్నవాడికి ఎదురు చెప్పలేరు. ఆడపిల్లలకి ఆడవాళ్లే కారు తీసుకెళ్లేలా, ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లేలా వంతులు పెట్టమని తెలుగు సంఘాన్ని అడగొచ్చు. మీ అంతస్తు పిల్లల కోసం మీరే సిటీ బస్సులో స్టోరుకి వెళ్లిరావడం ఒక ప్రోగ్రాంగా పెట్టొచ్చు. నెలకిన్ని ప్రోగ్రాంలు చెయ్యాలని ఎలాగూ ఉంటుంది కదా, పిజ్జా పార్టీ కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

తల్లి విషయం. ఆమె మీద నాకు జాలిగా ఉంది. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో పిల్లని చేర్చిన తల్లికి వార్డెన్ అంటే తెలుసు. ఫోన్ చేస్తే పిల్లని పిలిచి ఇస్తాడు, ఔటింగ్‌కి వెళ్లాలంటే ఆయన సంతకం కావాలి, తిన్నదో లేదో చెప్తాడు. మిమ్మల్ని ఆమె ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఆర్‌ఏకి ఆ అధికారం లేదు. ఎవరు ఎన్నింటికి వచ్చారో అడగలేరు, కారణం లేకుండా గదిలోకి వెళ్లలేరు. అక్కడి చట్టం చూపు కూడా వేరు. ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం కాలేజీలో చేరిన రోజు నుంచీ విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, తల్లిదండ్రులది కాదు. మీరు కళ్లారా చూసింది, చెవులారా విన్నది రికార్డు కాదనొచ్చు. కానీ అంతస్తులో పిల్లల సంగతులు బయటికి చెప్పకూడదని మీ ఉద్యోగ నియమాల్లో ఉండే ఉంటుంది. పైగా ఆ అమ్మాయి ‘ఇంట్లో తెలిస్తే వెనక్కి పిలిపిస్తారు’ అని భయపడుతోంది. తల్లికి ఎప్పుడు చెప్పాలన్నది ఆమె తేల్చుకోవాల్సిన విషయం. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి ఉంటే తల్లిదండ్రులకి తెలియజేసే వెసులుబాటు విశ్వవిద్యాలయానికి ఉంది. ఆ పని డీన్ ఆఫీసు చేస్తుంది.

అలాగని ‘బాగానే ఉంది ఆంటీ’ అని ఇక మీదట అనొద్దు. రేపు నిజం తెలిసినప్పుడు ఆ తల్లికి అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది మీ ఆ మాటే. ఇలా చెప్పి చూడండి: ‘ఆంటీ, నేను వాళ్ల అంతస్తుకి ఆర్‌ఏని. ఇక్కడి రూల్స్ ప్రకారం పిల్లల సంగతులు ఇంట్లోవాళ్లకి నేను చెప్పకూడదు. మా అమ్మ ఫోన్ చేసినా ఏ ఆర్‌ఏ అయినా ఇదే అంటారు. మీకు దిగులుగా ఉంటే డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసు నంబరిస్తాను, వాళ్లకి చెప్తే ఎవరినైనా పంపించి చూడమంటారు. మీరు ఫోన్ చేశారని తనకి చెప్తాను.’ ఆమెకి కోపం రావచ్చు, పొగరనుకోవచ్చు. రెండు మూడుసార్లు ఇదే చెప్పాక ఫోన్లు తగ్గుతాయి. ఈలోగా ఆ అమ్మాయితో ‘అమ్మకి రోజుకి ఒక్క మెసేజ్ అయినా పెట్టు’ అనండి. వీలైతే, తల్లికి చెప్పడం గురించి కౌన్సెలర్ దగ్గర మాట్లాడమనండి. తల్లులందరూ వెనక్కి పిలవరు. ఆ మాట మనం పందెం కాసి చెప్పలేం, అందుకే తొందరపెట్టొద్దు.

చివరిగా మీ సంగతి. ఉత్తరమంతా ఆ పిల్ల గురించే రాసి, మీ గురించి రెండు ముక్కలు విసిరారు. ఆ రెండూ చిన్నవి కావు. ఆర్‌ఏ పని, మెస్సు పని రెండూ క్యాంపస్ ఉద్యోగాలే. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో రెండూ కలిపి వారానికి 20 గంటలు దాటకూడదు. ఆర్‌ఏ గంటల్ని మీ విశ్వవిద్యాలయం ఎలా లెక్కిస్తుందో డీఎస్‌ఓని ఈ వారమే అడగండి. అవసరమైతే మెస్సు గంటలు తగ్గించుకోండి. ఆ పిల్ల భయపడుతున్న వీసా చిక్కు మీకు రాకూడదు.

‘అక్క’గా తోచినప్పుడల్లా తలుపు తెరిచి ఉంచడం, రాత్రి మూడింటికి ఫోనెత్తడం వేరే సంగతి. మీరు అలా ఉండబట్టే ఆమె వచ్చింది, కాబట్టి మానెయ్యమనను. రిపోర్టు చేశాక ఆమె భారం కౌన్సెలర్, అడ్వొకేట్, డీన్ ఆఫీసు కలిసి మోస్తారు. మీరు మధ్యాహ్నం పక్కన కూర్చుని అన్నం తినే మనిషిగా మిగలొచ్చు. మీ కోసం కూడా కౌన్సెలింగ్ సెంటర్‌లో ఒక అపాయింట్‌మెంట్ తీసుకోండి. విన్నది మీ నిద్రని కూడా తినేసింది కదా. మిడ్‌టర్మ్‌ల గురించి మీ అకడమిక్ అడ్వైజర్‌కి ‘ఉద్యోగంలో ఒక అత్యవసరం వచ్చింది’ అని చెప్తే చాలు, ఇంకేమీ వివరించక్కర్లేదు. డ్యూటీ రాత్రులు ఒకటి రెండు మార్చుకోవడానికి మీ పై ఉద్యోగిని అడగండి. ఇది సేవాభావంతో చేసే పని అన్నట్టు మాట్లాడతారు కానీ ఇది ఉద్యోగం. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హెర్స్ట్‌లో ఆర్‌ఏలు 2002లోనే యూనియన్ పెట్టుకున్నారు, తమ గంటలకీ జీతానికీ లెక్క అడిగారు. మీరు రెండు రాత్రుల సెలవు అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇకముందు ఇంకెవరైనా ఒట్టు వెయ్యమంటే, వాళ్లు మొదలుపెట్టకముందే చెప్పండి: ‘నువ్వు చెప్పేదాన్ని బట్టి నేను ఆఫీసుకి చెప్పాల్సి రావచ్చు. గుట్టుగా ఉండాలంటే కౌన్సెలర్ ఉన్నారు, ఇప్పుడే తీసుకెళ్తాను. నాకు చెప్పాలనుకుంటే వింటాను.’ కొందరు వెనక్కి తగ్గుతారు. చాలామంది కాసేపు ఆగి చెప్తారు.

ఉద్యోగం మానేసే విషయానికొస్తే, మానేసినంత మాత్రాన ఇప్పటికే విన్నదాని బాధ్యత పోదు. ఆర్‌ఏగా ఉండగా విన్నారు, చెప్పి తీరాలి. కాబట్టి ఆ కారణంతో మానొద్దు. అలసిపోయాను, చదువు ముఖ్యం అనుకుంటే అది వేరే కారణం, న్యాయమైన కారణం. అప్పుడు ఒప్పందం తీసి మూడు విషయాలు చూడండి: ఎన్ని రోజుల ముందు చెప్పాలి, చెప్పాక గది ఎన్ని రోజుల్లో ఖాళీ చెయ్యాలి, సెమిస్టర్ మధ్యలో మానేస్తే మిగిలిన రోజుల గది, భోజనం ఖర్చు మీ మీద పడుతుందా. నవంబరు మధ్యలో మానేసి చలిలో గది వెతుక్కోవడం కంటే డిసెంబరు పరీక్షలు అయ్యేదాకా ఉండి, సెమిస్టర్ చివర దిగిపోవడం డబ్బుకీ చదువుకీ నయం. వచ్చే ఏడాదికి మళ్లీ దరఖాస్తు పెట్టాలా వద్దా అన్నది శీతాకాలం సెలవుల్లో ఆలోచించుకోవచ్చు. ఈ వారం మాత్రం ముందు ఆ అమ్మాయి, తర్వాత రిపోర్టు, ఆ తర్వాత డీఎస్‌ఓ.